చలి లేని ఊళ్లో హోస్టా: సూరత్ ఇళ్లకు నీడ మొక్కలు, వాటి పిలకలు



మొక్కల పెంపకం గురించి సూరత్ తెలుగు కుటుంబాలతో ఎప్పుడు మాట్లాడినా ఒక ప్రశ్న వస్తూనే ఉంటుంది. "మా అబ్బాయి అమెరికాలో ఉంటాడండీ. వాళ్ల ఇంటి ముందు చెట్టు నీడన ఇంతింత ఆకుల మొక్కలు గుబురుగా ఉన్నాయి. ఒకటి నీలంగా, ఒకటి పసుపు పచ్చగా, ఒకదానికి తెల్లటి అంచు. హోస్టా అంటారట. మన దగ్గర వస్తుందా?" అని అడుగుతారు.

రాదు. సూరత్‌లో రాదు, హైదరాబాదులోనూ రాదు, విజయవాడలో అంతకన్నా రాదు. ఇంతటితో ముగించవచ్చు గాని, ఎందుకు రాదో తెలుసుకుంటే ఏ మొక్క వస్తుందో కూడా అందులోనే తెలుస్తుంది. పైగా హోస్టాను పెంచేవాళ్లు దాన్ని ఒకటి నుంచి పది చేసుకునే పద్ధతి, అంటే దుబ్బును విడదీసి నాటడం, మన ఇళ్లకు సరిపోయే మొక్కలకూ చక్కగా పనికివస్తుంది. అందుకే ఈ ప్రసంగాన్ని హోస్టాతోనే మొదలుపెడుతున్నాను.

ముందు మన ఇళ్ల సంగతి చూద్దాం. లింబాయత్, ఉధనా వంటి ప్రాంతాలలో మగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇరుకు వీధులు, గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. గుమ్మం ముందు రెండడుగుల జాగా ఉంటే అదే తోట. అక్కడ ఎండ పొద్దున ఒక గంట కనిపించి పోతుంది. అపార్టుమెంటుల్లో ఉత్తరపు బాల్కనీకి ఆ గంట కూడా ఉండదు. మనవాళ్లు ఊరి మీద బెంగతో అక్కడే గులాబీ పెడతారు, మల్లె పెడతారు. మల్లె తీగ సాగుతుంది, మొగ్గ వేయదు. రెండేళ్లు అలా చూసి, "మా చేతికి మొక్క రాదండీ" అని కుండీలు మేడ మీద బోర్లించేస్తారు. లోపం చేతిలో లేదు. ఎండ కోరే మొక్కను నీడలో పెట్టడమే పొరపాటు. నీడ ఉన్న ఇంటికి నీడ మొక్క కావాలి. హోస్టాను చూసి మనసు పడటంలో తప్పేమీ లేదు, అది నీడ మొక్కల్లో మకుటం లేని మహారాణి. దాని చిక్కు నీడతో కాదు, చలితో.

హోస్టా పుట్టినిల్లు జపాన్, కొరియా, చైనా ప్రాంతం. 1812లో ట్రాటినిక్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు, తమ దేశపు వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు నికోలస్ హోస్ట్ పేరు మీద దీనికి ఈ పేరు పెట్టాడు. 1820లలో నాగసాకి దగ్గర డచ్చి వర్తక స్థావరంలో వైద్యుడుగా పనిచేసిన సీబోల్డ్ జపాన్ నుంచి చాలా రకాలను ఐరోపాకు చేర్చాడు. అక్కడి నుంచి అమెరికాకు వెళ్లింది. ఇవాళ వేల సంఖ్యలో రకాలున్నాయి. కుటుంబం చూస్తే మనకు కొత్తదేమీ కాదు. మన అడవుల్లో దొరికే పిల్లిపీచర, పూలదండల్లో గుచ్చే నేలసంపంగి ఈ కుటుంబంలోవే. హోస్టా పూలను దగ్గరగా చూస్తే నేలసంపంగి పోలిక కొంత కనిపిస్తుంది కూడా. చైనా నుంచి వచ్చిన ఒక రకానికి తెల్లటి పూలు, మంచి వాసన.

ఇక అసలు విషయం. హోస్టా ఎండాకాలమంతా ఆకులతో ఆహారం తయారు చేసుకుని నేలలోని దుబ్బులో దాచుకుంటుంది. వచ్చే ఏడాది విప్పవలసిన మొగ్గలను ఈ ఏడాదే దుబ్బు మీద కట్టుకుంటుంది. ఆకురాలు కాలంలో ఆకులన్నీ పండి పడిపోతాయి. మంచు కింద మొగ్గ నిద్రపోతుంది. ఆ నిద్రకు ఒక లెక్క ఉంది. ఉష్ణోగ్రత సుమారు 5 డిగ్రీలకు దిగి, కొన్ని వారాల పాటు అక్కడే నిలవాలి. ఆ చలి పూర్తిగా అందితేనే వసంతంలో మొగ్గ సత్తువగా విచ్చుకుంటుంది. అందకపోతే విచ్చుకోదు, లేదా అరకొరగా విచ్చుకుంటుంది. మనిషిని రాత్రంతా నిద్రపోనివ్వకుండా పొద్దున్నే పనికి పంపితే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

సూరత్‌లో జనవరి రాత్రి ఉష్ణోగ్రత సాధారణంగా 15 డిగ్రీల దాపుల్లో ఉంటుంది. 10 కంటే కిందికి పోవడం అరుదు. మధ్యాహ్నానికి మళ్లీ 30 డిగ్రీలు. మొక్క పడుకోవాలా లేవాలా అన్నది దానికే తెలియదు. "మన లంబసింగిలో గడ్డకట్టే చలి వేస్తుంది కదా" అంటారు కొందరు. వేస్తుంది, కాని కొన్ని రాత్రులే. పగలు ఎండ కాస్తుంది. హోస్టాకు కావలసినది వారాల తరబడి విడవని చలి. అది మన దేశంలో హిమాలయాల పక్కన ఉన్న కొండ ఊళ్లకే ఉంది.

ఈ తప్పు నేనూ చేశాను, చెప్పుకుంటే సిగ్గేమీ లేదు. తపాలాలో దుబ్బు తెప్పించి డిసెంబరులో నాటాను. అది పుట్టిన చోటే నిద్ర పూర్తి చేసుకుని వచ్చింది కాబట్టి ఫిబ్రవరిలో అరచేయంత ఆకులు నాలుగు వచ్చాయి. వీధిలో అందరినీ పిలిచి చూపించాను. మే నెల వేడికి ఆకు అంచులు మాడాయి. రెండో ఏడు ఆకులు తమలపాకంత అయ్యాయి. మూడో ఏడు కుండీ తవ్వి చూస్తే దుబ్బు కుళ్లి మెత్తబడి ఉంది. మొదటి ఏడాది ఆకులు నా ప్రతిభ వల్ల రాలేదని, దుబ్బులో దాచుకున్న పాత సొమ్మును అది ఖర్చు చేసిందని అప్పుడు అర్థమైంది.

దుబ్బును శీతాకాలంలో రెండు మూడు నెలలు ఫ్రిజ్‌లో దాచి పైకి తీసేవాళ్లు ఉన్నారు. కుతూహలం ఉన్నవాళ్లు ఒక కుండీతో చేసి చూడవచ్చు. ఏటా పాల గిన్నెకూ కూరగాయలకూ మధ్య మట్టి పొట్లం పెట్టుకుని తోట పెంచమని మాత్రం నేను చెప్పలేను.

రెండు హెచ్చరికలు చేసి హోస్టాను పక్కన పెడతాను. నీలిరంగు హోస్టా గింజలంటూ మెరిసే బొమ్మలతో అమ్ముతుంటారు. హోస్టా ఆకు నీలం నిజానికి ఆకు మీద ఉండే మైనపు పూత వల్ల కనిపించే రంగు. ఆ బొమ్మల్లో నెమలి కంఠంలా కనిపించే నీలం ఏ హోస్టాకూ లేదు. పేరున్న రకాలు గింజ నుంచి తల్లి పోలికతో రావు. అందుకే వాటిని దుబ్బు విడదీసి గాని, టిష్యూ కల్చర్ ద్వారా గాని పెంచుతారు. రెండోది, విదేశాల నుంచి వస్తూ పెట్టెలో చీరల మధ్య దుబ్బు దాచి తేవడం. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఆ దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా మొక్కలు తేకూడదు. ఇది కాగితాల కోసం పెట్టిన నియమం కాదు. హోస్టా ఆకుల్లో కంటికి కనిపించని నులిపురుగులు ఉంటాయి, దుబ్బుకు అంటిన మట్టిలో ఇంకెన్నో ఉంటాయి. మన సరదా కోసం వాటిని ఇంకొకరి పొలానికి చేర్చకూడదు.

ఇప్పుడు మన వాతావరణానికి వద్దాం. సూరత్‌లో ఏడాదికి 1200 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. దాదాపు అంతా జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. తక్కిన ఎనిమిది నెలలు నేల ఎండే ఉంటుంది. చలిదేశపు మొక్క చలిలో నిద్రపోతే, మన వంటి దేశాల మొక్కల్లో కొన్ని ఎండుకాలంలో నిద్రపోతాయి. తొలకరికి లేస్తాయి, వానలు పోయాక ఆకు పండించి దుంపలోకి ముడుచుకుంటాయి. అంటే హోస్టా స్వభావమే. మేలుకొలిపేది మాత్రం చలి కాదు, వాన. అలాంటి మొక్కను ఎంచుకుంటే సూరత్ వాతావరణమే మనకు తోటమాలి.

అందంలో హోస్టాకు దగ్గరగా వచ్చేది కెలేడియం. దక్షిణ అమెరికా మొక్క. ఆకు గుండె ఆకారం, తెలుపు మీద పచ్చటి ఈనెలు, గులాబీ మచ్చలు, ఎర్రటి నడుము. దీని దుంపను మే చివర, జూన్ మొదట్లో నాటాలి. దుంప మీద నడిమధ్యన ఒక పెద్ద మొలక, చుట్టూ చిన్న కళ్లు కనిపిస్తాయి. పెద్ద మొలకను అలాగే ఉంచితే కొద్దిపాటి పెద్ద ఆకులు వస్తాయి. దాన్ని కత్తి మొనతో గిల్లివేస్తే చుట్టూ ఉన్న కళ్లన్నీ లేచి కుండీ నిండుతుంది. మొదటిసారి ఇలా గిల్లడానికి ప్రాణం ఒప్పదు గాని, కెలేడియం దుంపలు పెద్దయెత్తున పండించే చోట చేసేది ఇదే. దుంపను ముక్కలు చేయదలిస్తే ప్రతి ముక్కకూ కనీసం రెండు కళ్లు ఉండాలి. కోసిన ముఖానికి బూడిద అద్ది, నీడలో రెండు రోజులు ఆరనిచ్చి, తరువాత రెండంగుళాల లోతున పెట్టాలి. తడి ముక్కను తడి మట్టిలో పెట్టామంటే వారంలో కుళ్లుతుంది. నవంబరులో ఆకులు వాలడం మొదలవగానే నీళ్లు తగ్గించి, పూర్తిగా పోయాక ఆపేయాలి. దుంపను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. హోస్టాకు మందు అయిన చలి దీనికి విషం. సూరత్ చలికాలంలో గది మూల చాలు.

రెండోది మనందరి ఇంటి మొక్క, చేమ. నవ్వకండి. పల్లెలో నూతి గట్టున, నీళ్లు పారే కాలవ పక్కన పెరిగేది కాబట్టి దాన్ని తోట మొక్కగా మనం లెక్కపెట్టం. అదే ఆకును ఒక మంచి తొట్టిలో, తెల్లటి గోడ ముందు పెట్టి చూడండి. ఏ హోస్టాకు తీసిపోతుంది? పైగా ఇది సూరత్. ఇక్కడ చేమను అళవీ అంటారు. ఆకు మీద శనగపిండి, చింతపండు, బెల్లం కలిపిన ముద్ద పూసి, పొరమీద పొర పేర్చి, చుట్టి, ఆవిరి మీద ఉడికించి ముక్కలు కోస్తే అది పాత్రా. పక్కింటి గుజరాతీ ఆవిడ మీ కుండీ వైపు ఆశగా చూస్తున్నారంటే కారణం అదే. జపాన్‌లోనూ హోస్టా లేత మొలకలను ఉరుయి అనే పేరుతో కూర వండుకుంటారు.

చేమకు పెద్ద దుంప చుట్టూ పిల్ల దుంపలు వస్తాయి. వాటినే విత్తనంగా వాడాలి. కోడిగుడ్డంత పిల్ల దుంపను జూన్‌లో రెండు మూడంగుళాల లోతున పెట్టండి. 12 అంగుళాల కుండీకి ఒకటి చాలు. నీడలో ఆకు పెద్దది, దుంప చిన్నది. దుంప కూడా కావాలంటే పూటకు రెండు మూడు గంటల ఎండ ఉండాలి. జోరు వానల్లో ఆకు మీద నీరు నానినట్టుండే గోధుమరంగు మచ్చలు వచ్చి రెండు మూడు రోజుల్లోనే ఆకంతా పాకుతాయి. అది బూజు జాతి తెగులు. మచ్చ కనిపించిన ఆకును వెంటనే కోసి దూరంగా పారేయాలి, కుండీలను ఎడంగా జరపాలి, సాయంత్రం పూట ఆకు మీద నీళ్లు పోయకూడదు.

చేమ చుట్టమే కంద. గుజరాతీలో సూరణ్ అంటారు. కొబ్బరి తోటల్లో, అరటి తోటల్లో చెట్ల మధ్య పండించేది కాబట్టి పలచటి నీడకు అలవాటు పడినదే. ఒకే కాడ మీద గొడుగులాంటి ఆకుతో నిలబడుతుంది. దేశమంతటా పేరు తెచ్చుకున్న గజేంద్ర రకం మన గోదావరి ఒడ్డున ఉన్న కొవ్వూరు నుంచి ఎంపిక చేసినది, దురద చాలా తక్కువ. కందను కోసేటప్పుడు తల మీద ఉండే మొలక వలయంలో కొంత భాగం ప్రతి ముక్కకూ వచ్చేట్టు, లడ్డూను నాలుగు చీలికలు చేసినట్టు నిలువునా కోయాలి. అడ్డంగా కోస్తే అడుగు ముక్కకు మొలక ఉండదు. ముక్కలను పేడనీళ్లలో ముంచి నీడన ఆరబెట్టి నాటడం మన రైతుల పాత అలవాటు, కుండీకైనా అదే చేయండి. పెయింటు డబ్బా కంటే చిన్న పాత్రలో మాత్రం పెట్టవద్దు.

ఏడాది పొడుగునా ఆకు కావాలనుకునేవారికి పీస్ లిల్లీ, ఆగ్లోనిమా ఉన్నాయి. ఆగ్లోనిమా కాండం కణుపులున్న ముక్కగా కోసి పెట్టినా వస్తుంది. దుబ్బు విడదీయడం నేర్చుకోవడానికి మాత్రం పీస్ లిల్లీని మించిన మొక్క లేదు. హోస్టా పెంపకందారు వసంతంలో చేసే పనిని మనం జూలై, ఆగస్టులలో ఒక మబ్బు రోజున చేస్తాం. ముందు రోజు కుండీకి బాగా నీళ్లు పోయండి. మర్నాడు కుండీని పక్కకు పడుకోబెట్టి, అడుగు తట్టి, మొక్క మొదలు పట్టి మట్టితో సహా జార్చండి. ఆకులు పట్టుకుని లాగకండి. మట్టిని వేళ్లతో రాల్చి, మిగిలినది బకెట్టు నీళ్లలో ముంచి కడిగితే దుబ్బు నిర్మాణం కంటికి కనిపిస్తుంది. ఒకటనుకున్న మొక్క నిజానికి ఆరేడు పిలకల గుంపు. చేత్తో ఊగించి చూస్తే ఎక్కడ విడిపోతుందో అదే చెబుతుంది. విడిపోని చోట మాత్రమే కత్తి వాడాలి. ప్రతి భాగానికీ రెండు మూడు పిలకలు, వాటివే అయిన వేళ్లు ఉండాలి. ఒక్కొక్క పిలకగా విడదీస్తే లెక్క పెరుగుతుంది, మొక్క కోలుకోవడానికి ఏడాది పడుతుంది. ఇక్కడే మనవాళ్లకు ఆశ ఎక్కువ. ఇరుగుపొరుగు అందరికీ పంచాలని పది ముక్కలు చేసి, ఆఖరికి మూడు మిగుల్చుకుంటారు.

కత్తి గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. హోస్టా తోటలను బాగా దెబ్బతీసిన హోస్టా వైరస్ ఎక్స్ అనే వైరస్‌ను 1996లో మొదటిసారి వర్ణించారు. అది ముఖ్యంగా మొక్క నుంచి మొక్కకు కోత కత్తి మీద ఉన్న రసంతో పాకుతుంది. మన చేమ కుటుంబానికీ అలాంటి మొజాయిక్ వైరస్ ఒకటి ఉంది. చేమ, కెలేడియం, ఆగ్లోనిమా, పీస్ లిల్లీ అన్నింటికీ సోకుతుంది. ఈనెల వెంబడి పక్షి ఈకలాగా లేత పసుపు చారలు, ఆకు ముడతలు దీని గుర్తులు. పేనుబంక కూడా దీన్ని మోస్తుంది. మందు లేదు. అలాంటి మొక్క నుంచి పిలక తీయకండి, ఎవరైనా ప్రేమగా ఇచ్చినా తీసుకోకండి. ఒక మొక్క కోసి ఇంకో మొక్కకు వెళ్లే ముందు కత్తిని సబ్బుతో రుద్ది కడిగి, బ్లీచింగ్ కలిపిన నీళ్లలో కాసేపు ఉంచి, తుడిచి వాడండి.

మట్టి సంగతి. సూరత్ చుట్టుపక్కల నల్లరేగడి. పొలంలో బంగారం, కుండీలో బండరాయి. తడిస్తే జిగురు, ఎండితే పగుళ్లు. ఒక పాలు ఆ మట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు కొబ్బరి పొట్టు, ఒక పాలు వర్మీకంపోస్టు లేదా బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలుపుకోండి. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, రెండు మూడు నీళ్లు మార్చి కడిగి వాడాలి. సముద్రం వైపు కాలనీల్లో బోరు నీళ్లలో ఉప్పు కనిపించవచ్చు. కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే, ఆకు కొనలు మాడుతుంటే ఎరువు చాలలేదని ఇంకా ఎరువు వేస్తారు. కావలసింది ఎరువు కాదు, మంచినీటితో మట్టిని రెండుసార్లు కడగడం. మొదటి వానలు పోయాక కుండీలను ఒక పూట వానలో పెట్టినా ఆ ఉప్పు దిగిపోతుంది. కుండీ కింద పళ్లేలు మాత్రం వానాకాలంలో తీసేయండి. డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి అంగుళం నీరు కూడా అక్కరలేదు.

పిల్లలున్న ఇళ్లవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. చేమ కుటుంబపు మొక్కలన్నింటిలోనూ సూదుల్లాంటి సున్నపు స్ఫటికాలు ఉంటాయి. చేమాకు పచ్చిది తింటే గొంతు దురద అందుకే. బాగా ఉడికించి, చింతపండు పులుపు చేర్చి తింటాం. తినే చేమ వేరు, అందం కోసం పెంచే కెలేడియం, డైఫెన్‌బాకియా వేరు. వీటి ఆకు నమిలితే నోరు, నాలుక వాస్తాయి. పాకే పిల్లలు ఉంటే ఈ కుండీలను పై అరలో పెట్టండి. కోసేటప్పుడు చేతికి పాలిథీన్ సంచి తొడుక్కోండి, ఆ చేత్తో కళ్లు తుడుచుకోకండి. కెలేడియాన్నీ చేమనూ పక్కపక్కన పెంచవద్దని కూడా చెబుతాను. పాత్రా చేయడానికి ఆకు కోసుకు రమ్మని పిల్లవాణ్ణి పంపితే వాడు ఏది కోస్తాడో తెలియదు.

చివరిగా ఒక చిన్న పని. నవంబరు దాటాక కెలేడియం, చేమ, కంద కుండీల్లో పైకి ఏమీ కనిపించదు. దీపావళి శుభ్రత పూర్తయిన ఇంట్లో మట్టి మాత్రమే ఉన్న కుండీ ఎవరికైనా చెత్తలాగే కనిపిస్తుంది. ఎన్నో దుంపలు అలా మున్సిపాలిటీ బండి ఎక్కి వెళ్లిపోయాయి. ఆకు వాలిన రోజునే ఐస్‌క్రీం పుల్ల మీద పేరు, తేదీ రాసి కుండీలో గుచ్చండి. "నిద్రపోతోంది, జూన్‌లో లేస్తుంది" అని కింద ఇంకో వరుస కూడా రాయండి, ఇంట్లో అందరికీ తెలిసే భాషలో.